అనాథను ఆదుకోవడం, అనాథను చేయడం

మతసంస్థలు నడిపే అనాథశరణాలయాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సాహిత్య మిత్రుల్లో రెండు రకాల తీర్పులు వినిపిస్తాయి. అన్నం ఎర, మతం గాలం, పిల్లలు చేపలు అన్నది ఒకటి. ఎవరూ పట్టించుకోనప్పుడు దేవుడి పేరు చెప్పుకునేవాళ్లే కదా పట్టించుకున్నది, ఇక మాట్లాడే అర్హత మనకెక్కడిది అన్నది రెండోది. మొదటి తీర్పు ఇచ్చేవాళ్లు తాము అభ్యుదయవాదులమనుకుంటారు. రెండో తీర్పు ఇచ్చేవాళ్లు తాము మానవతావాదులమనుకుంటారు. నా దృష్టిలో ఇద్దరూ శరణాలయం గేటు దగ్గరే ఆగిపోయారు. ఒకరు లోపలికి తొంగిచూసి అనుమానిస్తారు, ఒకరు లోపలికి చూసి దణ్ణం పెడతారు. ఆ బిడ్డ ఏ దారిన గేటు దాకా వచ్చాడో వెనక్కి తిరిగి చూసేవాళ్లు తక్కువ. మనకు కావలసిన చరిత్ర ఆ దారిలో ఉంది.

అనాథ అనే మాటనే తీసుకోండి. తల్లిదండ్రులు పోయినవాడని దాని అసలు అర్థం కాదు. నాథుడు లేనివాడని అర్థం. ప్రతి మనిషికీ పైన ఒక ప్రభువు ఉండి తీరాలని నమ్మిన సమాజం పుట్టించిన మాట అది. దానికి విరుగుడుగా అదే సమాజం దేవుణ్ణి అనాథనాథుడని పిలిచింది. బిడ్డకు కావలసింది ఒక నాథుడే అయితే దేవుడైనా చాలు, దాత అయినా చాలు. కావలసింది హక్కు అయితే లెక్క వేరుగా ఉంటుంది.

పందొమ్మిదో శతాబ్దంలో జరిగిన మూడు ప్రయత్నాలను ఈ వ్యాసంలో పక్కపక్కన పెట్టి చూడదలచుకున్నాను. ఒకటి ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, ఒకటి మన ఒంగోలు దగ్గర, మరొకటి పూనా దగ్గర కేడ్‌గావ్‌లో జరిగాయి. మూడూ క్రైస్తవ విశ్వాసంతో నడిచినవే. మూడింటికీ తెలుగునేలతో ఏదో ఒక సంబంధం ఉంది. నడిపినవాళ్ల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. అంత చిత్తశుద్ధి ఉన్నవాళ్లు కూడా ఏ ప్రశ్న వేశారు, ఏ ప్రశ్న వేయలేదు అన్నదే నా విచారణ.

జార్జ్ ముల్లర్ 1805లో ప్రష్యాలో పుట్టి 1829లో ఇంగ్లండు చేరిన మతబోధకుడు. 1832లో బ్రిస్టల్‌లో స్థిరపడ్డాడు. ఆ ఏడాదే ఆ రేవుపట్నంలో కలరా వచ్చి జనం చనిపోయారు. 1836 ఏప్రిల్‌లో విల్సన్ వీధిలోని ఒక అద్దె ఇంట్లో, ముప్ఫైమంది ఆడపిల్లలకు సరిపడే చోటుతో ఆయన మొదటి శరణాలయం తెరిచాడు. 1849లో ఊరి అంచున ఆష్లీ డౌన్‌లో సొంత భవనం లేచింది. 1870 నాటికి అలాంటి భవనాలు అయిదయ్యాయి. అన్నిటిలో కలిపి 2,050 మంది పిల్లలకు చోటుండేది. 1898లో ఆయన చనిపోయేనాటికి పదివేలమందికి పైగా పిల్లలు ఆ ఇళ్లలో ఆశ్రయం పొందారు. ఏ మనిషినీ చందా అడగను, అప్పు చెయ్యను, దేవుణ్ణి మాత్రమే అడుగుతాను అన్నది ఆయన నియమం. ఆ నియమం మీదే జీవితకాలంలో పది లక్షల పౌండ్లకు పైగా డబ్బు ఆయన చేతుల మీదుగా వచ్చింది, ఖర్చయింది.

దీన్ని ఎగతాళి చెయ్యడం సులభం. ఏటేటా ఆయన అచ్చువేసిన నివేదికలు ఇంగ్లండంతా తిరిగేవి. ఏ పూట రొట్టె నిండుకుందో, ఏ పూట ఎవరు తలుపు తట్టి ఎన్ని షిల్లింగులు ఇచ్చారో వాటిలో ఉండేది. అడగనంటూనే అలా అడిగినట్టయిందని ఎవరైనా అనవచ్చు. నాకు ఆ విమర్శ మీద పెద్ద ఆసక్తి లేదు. అంతకంటే ముఖ్యమైనది ఆ కాలం లెక్క.

బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేసింది. రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం మంజూరు చేసింది. ఆ పరిహారం బానిసలకు కాదు, బానిసల యజమానులకు. బానిసల వ్యాపారంతో బలిసిన బ్రిస్టల్ వర్తకులకు అందులో వాటా దక్కింది. మరుసటి ఏడాది, 1834లో, అదే పార్లమెంటు కొత్త పేదల చట్టం చేసింది. ఇంటి దగ్గర ఉన్న పేదకు సాయం తగ్గించి, సాయం కావాలంటే వర్క్‌హౌసులోకి రావాలన్నారు. అక్కడ భార్యను భర్త నుంచీ బిడ్డను తల్లి నుంచీ వేరుచేసేవాళ్లు. బయట చేసే అతి హీనమైన కూలిపని కంటే లోపలి బతుకు హీనంగా ఉండాలన్నది ఆ చట్టం సూత్రం. అప్పుడే జనం ఊరికే సాయం కోసం ఎగబడరట! మనుషులను ఆస్తిగా ఉంచుకున్నవాడికి పరిహారం, కూలిచేసి కుప్పకూలినవాడికి శిక్ష. ముల్లర్ తన సంస్థను మొదలుపెట్టింది సరిగ్గా ఆ 1834లోనే.

ఆ నేపథ్యంలో చూస్తే ఆయన చేసినదాని విలువ తెలుస్తుంది. వర్క్‌హౌసు పిల్లవాణ్ణి నేరస్థుడిలా చూసినచోట ఆయన కడుపునిండా తిండి పెట్టాడు, చదువు చెప్పించాడు. ఆ పిల్లలకు వాళ్ల అంతస్తుకు మించిన చదువు చెబుతున్నాడని ఆయన మీద ఫిర్యాదులు వచ్చాయి. చిన్న వయసు కూలీలు దొరక్కుండా పోతున్నారన్నది అసలు బాధ. ఆ ఫిర్యాదు ఆయనకు నిజంగా గౌరవమే. కాని ఇంకొక సంగతి కూడా ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయి ఉండాలి. వాళ్లు పెళ్లి చేసుకుని కన్న బిడ్డ అయి ఉండాలి. అప్పుడే ఆ ఇంట్లో చోటు. తల్లి బతికుండి రోజుకు పధ్నాలుగు గంటలు పనిచేసినా బిడ్డకు రొట్టె పెట్టలేకపోతే ఆ బిడ్డ అక్కడ అనాథ కాదు. పెళ్లికాని తల్లి కన్న బిడ్డ అసలే కాదు. పెద్దయ్యాక మగపిల్లలను పని నేర్పే యజమానులకు, ఆడపిల్లలను ఎక్కువగా కలవారి ఇళ్ల పనికి అప్పగించేవాళ్లు. అరవైయేళ్ల పాటు నివేదికల్లో రొట్టె ఎలా వచ్చిందో రాశారు. ఇంతమంది తల్లిదండ్రులు పడుచువయసులోనే ఎందుకు పోతున్నారన్న ప్రశ్నకు జవాబు దైవసంకల్పం దగ్గరే ఆగిపోయింది.

బ్రిస్టల్ నుంచి గోదావరి దూరమేమీ కాదు. ముల్లర్ పెళ్లాడింది ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ చెల్లెల్ని. ఈ గ్రోవ్స్ పళ్ల వైద్యం వదిలి మతప్రచారానికి బాగ్దాదు వెళ్లి, అక్కణ్ణుంచి 1833లో ఇండియాకు వచ్చాడు. తిరిగి ఇంగ్లండు వెళ్లి, 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు యువకులను వెంటబెట్టుకుని వచ్చాడు. మచిలీపట్నం మీదుగా నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో వాళ్లు వేసిన పునాదే గోదావరి డెల్టా మిషన్. వాళ్లు దిగేనాటికి ఈ నేల మీద నందన కరువు మచ్చలు ఆరలేదు. మన పెద్దలు డొక్కల కరువన్నది దాన్నే. 1832-33లో గుంటూరు జిల్లా జనంలో దాదాపు మూడోవంతు ఆ కరువులో పోయారు. కృష్ణా గోదావరుల నీళ్లు కళ్ల ముందే సముద్రంలో కలుస్తుంటే జనం దారుల వెంట పడి చచ్చారు. పన్ను వసూలు చేసుకునే కంపెనీకి కాలువ తవ్వాలన్న ఆలోచన తరవాతెప్పుడో వచ్చింది. గోదావరి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనకట్ట వచ్చాక డెల్టాలో కరువు చావులు తగ్గాయంటే, అంతకుముందు అనాథలైన పిల్లలు దైవసంకల్పం వల్ల అనాథలు కాలేదన్నమాటే కదా.

ఆనకట్టలూ కాలువలూ అంతగా లేని జిల్లాల సంగతి ధాత నామ సంవత్సరం తేల్చింది. 1876-78 కరువును మా వైపు పెద్దవాళ్లు ధాత కరువనే చెప్పేవాళ్లు. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. మొత్తం కరువులో బ్రిటిషు పాలిత ప్రాంతాల్లో చనిపోయినవాళ్లు యాభై లక్షలకు పైగా ఉంటారు. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా చాటాడు. ఆ నెలలోనే మద్రాసు రాజధానిలో ఖర్చు తగ్గించడానికి రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. కరువు పనిలో మట్టి మోసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలునని టెంపుల్ లెక్క కట్టాడు. ఒక పౌనంటే అరకిలో కూడా కాదు. ఈ తిండితో కాయకష్టం చేసే శరీరం నిలవదని మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ వాదించాడు. పోట్లాట తరవాత కూలి పెరిగింది. ఆ నెలల్లో పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. అదే 1877లో లండన్ మేయర్ పేరున మాన్షన్ హౌస్ నిధి మొదలై ఆరు లక్షల పౌండ్లకు పైగా చందా పోగయింది. ఇచ్చినవాళ్లలో ఇంగ్లండు కార్మికులు కూడా ఉన్నారు. వాళ్ల దయ నిజమైనదే. కాని ప్రభుత్వం ఒక చేత్తో తండ్రి కూలిలో పావు వంతూ అరవంతూ కోసేసింది. రేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. అటు తరవాత ఆ తండ్రి పోయాక మిగిలిన బిడ్డకు దానం నుంచి గంజి పోశారు. కూలి రూపంలో ఇవ్వవలసినది కోసుకుని దానం రూపంలో తిరిగి ఇవ్వడం వలసపాలనకు బాగా కలిసొచ్చిన పద్ధతి. కూలి తగ్గితే నిలదీయవచ్చు, దానం తగ్గితే నిలదీయలేం.

ఈ కరువులోనే ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడుపుతున్న జాన్ క్లౌ ఇంకొక దారి పట్టాడు. ఆయనకు సర్వే పని తెలుసు. కరువుపని కింద తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు ప్రభుత్వం నుంచి తీసుకున్నాడు. మిగతా కరువు శిబిరాల్లో మేస్త్రీలూ గుమాస్తాలూ అగ్రవర్ణాలవాళ్లు. మాదిగవాడి గంపకు లెక్క తప్పేది, కూలి చేతికి వచ్చేసరికి తరిగేది, తిట్లూ దెబ్బలూ మామూలే. క్లౌ తన బోధకులనే పనిమీద పెట్టాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. మాదిగ మేస్త్రీ చేతి నుంచి మాదిగ కూలీ పూర్తి కూలి తీసుకోవడం ఆ జిల్లాలో అదే మొదటిసారి అయి ఉంటుందని నా ఊహ.

అంతకంటే పట్టించుకోవలసిన విషయం ఒకటుంది. కరువుపని నడిచిన పదిహేను నెలలూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం కలిశారన్న మాట రాకూడదనుకున్నాడు. పని అయిపోయాక, ఇవ్వడానికి చేతిలో ధాన్యం లేనప్పుడు, జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. 'గంజి కోసం కిరస్తానంలో కలిశారు' అని మన అగ్రవర్ణ పండితులు ఎంతో కాలంగా అంటున్న మాటకు ఈ తేదీలే సమాధానం. గంజి ఉన్నన్నాళ్లూ కలవలేదు, గంజి అయిపోయాక కలిశారు. వాళ్లు వెతుక్కున్నది గంజి ఒక్కటే కాదు. ఎదురుగా నిలబడి మాట్లాడగల చోటు కూడా. నేను చదువు చెప్పిన రోజుల్లో ఆ ప్రాంతపు మాదిగపల్లెల నుంచి వచ్చిన విద్యార్థులను అడిగితే, ఇంట్లో మొదట అక్షరం దిద్దిన తాతో ముత్తాతో మిషన్ బడిలోనే దిద్దాడని చెప్పేవాళ్లు. ఊరిబడి గడప వాళ్లకు మూసి ఉన్నరోజులవి. ఆ బడి మూసినవాళ్ల వారసులు ఇవాళ ఎర గురించి, గాలం గురించి మాట్లాడుతున్నారు.

క్లౌను నేను విప్లవకారుణ్ణి చెయ్యబోవడం లేదు. ఆ కాలువ సామ్రాజ్యపు కాలువే, దాని పేరు మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరే. కాని ఆ మూడున్నర మైళ్ల మీద జరిగింది మన చర్చకు కీలకం. తల్లికీ తండ్రికీ పని దొరికి, కూలి పూర్తిగా చేతికందితే బిడ్డ అనాథ కాడు. ఏ నివేదికలోనూ ఆ బిడ్డ లెక్కకు రాడు. శరణాలయంలో చేరిన బిడ్డ ఫొటోకు ఎక్కుతాడు, దాతల సభలో పాట పాడతాడు. కూలి మీద బతికిన బిడ్డ తల్లి వెంట పొలం పోతాడు, అతన్ని చూసి ఎవరూ కన్నీరు పెట్టరు. అనాథల పేరున జరిగిన దానధర్మాల చరిత్రలో అందరికంటే ఎక్కువమంది పిల్లలను కాపాడిన పద్ధతికి ఈ కారణం వల్లనే పేరు లేకుండా పోయింది.

మూడో ప్రయత్నం నడిపిన మనిషి తానే కరువు అనాథ. పండిత రమాబాయి 1858లో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకు సంస్కృతం నేర్పి ఊరి కోపానికి గురైన పండితుడు. అప్పుల్లో భూములు పోయాక కుటుంబం తీర్థాలు తిరుగుతూ, గుళ్లలో పురాణం చదువుతూ, వచ్చినదానితో బతికింది. మద్రాసు రాజధానిలో కరువు ముదిరినప్పుడు పురాణం వినేవాళ్లూ పోయారు, పెట్టేవాళ్లూ పోయారు. తిరుపతి వైపు తిరుగుతూ తిండి దొరక్క అడవి పట్టారు. 1874లో కొద్ది నెలల తేడాతో తండ్రీ తల్లీ పోయారు, తరవాత అక్క పోయింది. పదహారేళ్ల రమాబాయి, అన్న శ్రీనివాసశాస్త్రి మిగిలారు. తమది బ్రాహ్మణ కుటుంబం కాబట్టి కూలిపని చెయ్యడం తెలియదనీ, అడుక్కోవడానికి అభిమానం అడ్డొచ్చిందనీ, వేల శ్లోకాలు వచ్చినా పూట గడిచే విద్య ఒక్కటీ రాదనీ ఆమె తరవాత రాసుకుంది. రెండేళ్ల తరవాత ఒంగోలు మాదిగలను బతికించిన గంపా పారా ఈ కుటుంబానికి అంటరాని వస్తువులు. కులం కిందివాణ్ణి మాత్రమే చంపుతుందనుకునేవాళ్లు ఈ చావులను కూడా లెక్కలో వేసుకోవాలి.

తరవాతి కథ చాలామందికి తెలిసిందే. 1878లో కలకత్తా చేరాక పండితులు ఆమెకు బిరుదులిచ్చారు. అన్న పోయాక, కులం కాని వకీలును పెళ్లాడింది. రెండేళ్లు తిరక్కుండానే అతనూ పోయాడు. 1883లో ఇంగ్లండులో క్రైస్తవం తీసుకుంది. అప్పుడు మన సంస్కర్తలు చాలామంది మొహం చాటేశారు. ఆమె పక్షాన నిలబడి రాసినవాడు జోతిబా ఫూలే. 1889లో ఆమె బొంబాయిలో శారదాసదన్ పెట్టి, బాలవితంతువులకు చదువు చెబుతాం, మతం జోలికి పోమని మాటిచ్చింది. అమ్మాయిలు ఆమె ప్రార్థనలకు వెళుతున్నారని 1893లో గొడవ రేగింది. తిలక్ పత్రిక కేసరి దాడి చేసింది. సలహాసంఘంలో ఉన్న రానడే, భండార్కర్ తప్పుకున్నారు.

1896-97లో మధ్యపరగణాల్లో కరువు వచ్చింది. తన ఇంటివాళ్లను తిన్న కరువును గుర్తుచేసుకుని రమాబాయి అక్కడికి వెళ్లింది. సర్కారువాళ్ల కరువు శిబిరాల్లో, పేదల గృహాల్లో దిక్కులేని ఆడపిల్లలు ఏ స్థితిలో ఉన్నారో, వాళ్ల మీద కాపలావాళ్లే ఎలా చెయ్యి వేస్తున్నారో బయటపెట్టింది. సుమారు మూడువందలమంది ఆడపిల్లలను వెంట తెచ్చుకుంది. పూనాలో ప్లేగు నిబంధనల వల్ల చోటు లేక, ముప్ఫై మైళ్లకు పైగా దూరంలో ఉన్న కేడ్‌గావ్ పొలంలో గుడారాలు వేసింది. అదే ముక్తి సదన్. ప్లేగు ఆసుపత్రిలో తన పిల్లకు జరిగిన అన్యాయం మీద పత్రికకు రాసి బొంబాయి గవర్నరుకు కూడా కోపం తెప్పించింది. 1900 గుజరాత్ కరువు తరవాత అక్కడ ఉన్నవాళ్లు పంతొమ్మిది వందల దాకా పెరిగారు. తరవాత కూతురు మనోరమ నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో ఆడపిల్లల బడి నడిపింది.

రమాబాయి ముల్లర్ చరిత్ర చదివింది. ఎవరినీ అడగకుండా దేవుడి మీద భారం వేసి సంస్థ నడపవచ్చన్న ధైర్యం ఆ పుస్తకమూ, మరి కొందరు మిషనరీల చరిత్రలూ ఇచ్చాయని ఆమే చెప్పింది. అయితే ముల్లర్ దగ్గర లేనిదొకటి ఆమె దగ్గర ఉంది. తమ ఇంటివాళ్లు ఎందుకు చచ్చారో ఆమెకు తెలుసు. అందుకే కేడ్‌గావ్‌లో ప్రతి ఆడపిల్లా ఒక పని నేర్చింది. మగ్గం, గానుగ, పాడి, వ్యవసాయం, చాకిరేవు, అచ్చుయంత్రం అన్నీ ఆడవాళ్లే నడిపారు. గుడ్డిపిల్లలకు చుక్కల లిపి నేర్పారు. ఆమె మరాఠీలోకి అనువదించిన బైబిలుకు అచ్చులు కూర్చింది ఆ పిల్లలే. అయిదో ఏట తాళి కట్టించుకుని ఎనిమిదో ఏట గుండు గీయించుకునే దేశంలో, మగవాడి తోడు లేకుండా వందలమంది ఆడవాళ్లు తమ చేతుల మీద బతకడం చిన్న విషయం కాదు. ఇంగ్లండు మఠంవాళ్లు తన మీద పెత్తనం చేయబోతే ఆమె ఒప్పుకోలేదు. బిషప్పు మాట అయినంత మాత్రాన తన బుద్ధితో తూచకుండా ఒప్పుకోనంది.

కాని అంత స్వతంత్రబుద్ధి తనకు దక్కినట్టు కేడ్‌గావ్ చేరిన ఏడేళ్ల పిల్లకు దక్కిందా? రమాబాయి ఇరవై అయిదేళ్ల వయసులో, నాలుగు శాస్త్రాలు చదివి, వాదించి, మతం ఎంచుకుంది. గుండ్లకమ్మ ఒడ్డుకు వచ్చిన మాదిగ రైతుకూలీ పదిహేను నెలలు ఆగి ఎంచుకున్నాడు. ఆకలితో స్పృహ తప్పిన ఏడేళ్ల పిల్ల దేన్నీ ఎంచుకోలేదు. నిద్రలేచేసరికి ఆమె చుట్టూ ఒక ప్రార్థన ఉంది. శారదాసదన్‌లో ఇచ్చిన మాట ముక్తిసదన్ నాటికి లేదు. ఉందని ఆమె దాచలేదు కూడా.

ఇది క్రైస్తవుల మీద మాత్రమే వెయ్యవలసిన ప్రశ్న కాదు. 1897లోనూ 1899-1900లోనూ మిషనరీలకు పోటీగా లాలా లజపతిరాయ్, ఆర్యసమాజంవాళ్లు కరువు ప్రాంతాల నుంచి వందలకొద్దీ పిల్లలను పంజాబు శరణాలయాలకు తరలించారు. 1901 కరువు కమిషన్ ముందు లజపతిరాయ్ సాక్ష్యమిచ్చినప్పుడు అనాథలు ఎవరికి చెందాలన్నది పెద్ద విషయమైంది. కరువు నియమావళుల్లో వరస రాశారు: ముందు బంధువులు, తరవాత బిడ్డ మతానికి చెందినవాళ్లు, ఆ తరవాత మిగతా సంస్థలు. ఆ పోటీ వల్ల కొన్ని ప్రాణాలు నిలిచాయి, కాదనను. కాని ఆ పిల్లవాడు మాలో తగ్గుతాడా, వాళ్లలో పెరుగుతాడా అన్న జనాభా లెక్కే దాని ఊపిరి. నిన్నటిదాకా ఆ బిడ్డ నీడ కూడా పడనివ్వనివాళ్లకు, అతను పక్క మతం గుమ్మం ఎక్కగానే తమవాడయ్యాడు.

ఈ పోటీ బయట కొందరు నిలబడ్డారు. 1877 కరువులో ఫూలే, సత్యశోధక సమాజం మిత్రులు పూనా దగ్గర ధన్‌కవడీలో పిల్లల ఆశ్రమం పెట్టి అన్నం పెట్టారు. మన వైపు రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రోత్సాహంతో పిఠాపురం రాజా డబ్బుతో కాకినాడలో శరణాలయం వచ్చింది. బ్రహ్మసమాజపు ప్రార్థన అక్కడా ఉన్నా, కులాలు కలిసి కూర్చుని తిన్న కొద్దిచోట్లలో అదొకటి. అయితే ఇక్కడ కూడా డబ్బు జమీందారీ శిస్తు నుంచే వచ్చిందని మరవకూడదు. హైదరాబాదు సరూర్‌నగర్‌లో నిజాం ప్రభుత్వం పెట్టిన శరణాలయానికి 1901లో చనిపోయిన విక్టోరియా పేరు పెట్టారు. ఫూలే కూడా తన ఆశ్రమానికి ఆమె పేరే పెట్టవలసి వచ్చింది. కోట్ల ప్రాణాలు తీసిన కరువులు ఎవరి ఏలుబడిలో జరిగాయో ఆమె పేరే అనాథల ఇంటి గుమ్మం మీద ఎక్కింది.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచింది ఇది. విశ్వాసంతో చేసిన సేవను విశ్వాసం వల్ల తూచకూడదు. మూడు ప్రశ్నలతో తూచాలి. బిడ్డ తల్లి బతికి ఉన్నప్పుడు ఆమెకు పని, కూలి, వైద్యం దక్కేలా ఆ సంస్థ ఏమైనా చేసిందా? బిడ్డ చేతికి బతుకుతెరువు, నోటికి ఎదురుప్రశ్న ఇచ్చిందా? బిడ్డ పేరునూ నమ్మకాన్నీ అతను పెద్దవాడయ్యేదాకా అతని కోసమే అట్టిపెట్టిందా? క్లౌ కాలువ మొదటి ప్రశ్నకు నిలుస్తుంది. కేడ్‌గావ్ రెండోదానికి నిలుస్తుంది, మూడోదానికి నిలవదు. బ్రిస్టల్ రెండో ప్రశ్న దగ్గర సగం దాకా వస్తుంది. మనలో ఈ మూడింటిలో ఒక్కదానికీ నిలవకుండా కేవలం వ్యాసాలు రాసేవాళ్లం, వీళ్లను తూచేటప్పుడు త్రాసు జాగ్రత్తగా పట్టుకోవాలి.

నూరేళ్లలో చట్టం భాష మారింది. 1976లో రాజ్యాంగ సవరణ ద్వారా పిల్లలకు స్వేచ్ఛతో, గౌరవంతో ఎదిగే అవకాశాలు కల్పించడం ఆదేశిక సూత్రాల్లో చేరింది. ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. 2015 బాలల న్యాయచట్టం, బిడ్డను సంస్థలో పెట్టడం ఆఖరి మార్గం మాత్రమే కావాలంది. 2022 నుంచి మిషన్ వాత్సల్య పథకం కింద, బిడ్డను ఇంట్లోనే పెంచుకునే పేద తల్లికి లేదా బంధువుకు నెలకు నాలుగు వేల రూపాయల సాయం ఇవ్వవచ్చు. ఒంగోలు కాలువ గట్టు మీద తేలిన సత్యం చట్టంలోకి రావడానికి ఇంత కాలం పట్టింది. అయినా ఆ సాయానికి పెట్టిన పేరు చూడండి: స్పాన్సర్‌షిప్. హక్కుగా ఇచ్చేదానికి కూడా దాత భాషే మిగిలింది.

ఈనాటికీ శరణాలయాల్లో ఉన్న పిల్లల్లో ఎంతోమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. వలసకూలికి పోయే తల్లి, అప్పులతో పురుగులమందు తాగిన తండ్రి, తెరవని హాస్టలు, దూరమైన బడి వాళ్లను అక్కడికి పంపాయి. గుడి పెట్టినా చర్చి పెట్టినా మసీదు పెట్టినా ఆ అన్నం తినే పిల్లవాణ్ణి కించపరిచే మాట మన కలం నుంచి రాకూడదు. పెట్టినవాణ్ణి తిట్టడంతో మన పని తీరదు. ఆ తల్లి ఏ పొలంలో, ఏ కూలికి పనిచేస్తున్నదో, ఆ కూలి ఎవరు కోస్తున్నారో రాయడం మన పని. దాతల పేర్లు గోడల మీద చెక్కే ఉన్నాయి. కూలి కోసినవాడి పేరు ఎక్కడా లేదు. అది రాయవలసినవాళ్లం మనం.